సముద్రం దాటే బిడ్డలకు ఆశీర్వచనము



ఈనాటి సభకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలనుండి తల్లిదండ్రులు విచ్చేసినారు. వారి ప్రక్కన పదిహేను, పదహారేండ్ల పిల్లలున్నారు. విద్యార్థుల వినిమయ పథకాల ద్వారా ఒక విద్యాసంవత్సరం అమెరికాలో చదువుకొని రావలెనని వీరి సంకల్పము. 2002వ సంవత్సరంలో ఆ దేశప్రభుత్వం నెలకొల్పిన కెనెడీ-లూగర్ పథకం అటువంటిదే. అందులో వెళ్లిన విద్యార్థి అక్కడి ఒక కుటుంబంలో బిడ్డవలె ఉండి, అక్కడి హైస్కూలులో చదువుకొంటాడు. ఆ గృహస్థులు ప్రతిఫలం పుచ్చుకొనరు. మన పెద్దలు దీనినే అతిథిపూజ అన్నారు.

"పిల్లలు చెడిపోరు కదా స్వామీ?" అని ఇందాక ఒక తల్లి నన్ను అడిగినది. సమాధానం చెప్పేముందు నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను.

నలభై ఏండ్ల క్రిందట మా అన్నగారి కుమారుడు పైచదువులకై విదేశానికి వెళ్లుచు నాకు నమస్కరించుటకు వచ్చినాడు. బోధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువులలో చేర్చినదన్న పట్టుదలతో నేను వెలుపలికి రాలేదు. వాడు గడపకు మ్రొక్కి వెళ్లిపోయినాడు. ఆ సాయంకాలమే శిష్యులకు తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి సంత చెప్పినాను.

గురుకులం విడిచిపోవు శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశం అందులో ఉన్నది. కర్మలో గాని, నడవడిలో గాని నీకు సందేహం కలిగినచో, అక్కడనుండే బ్రాహ్మణులు ఎట్లు నడచుకొందురో అట్లు నడచుకొమ్మని ఆజ్ఞ. ఎటువంటివారు? ఆలోచనాపరులు, కరుకుదనం లేనివారు, ధర్మమునే కోరువారు. ఈ లక్షణాలు ఎవరియందున్నా వారు మనకు పూజ్యులే. 'తత్ర' అను పదం, అనగా 'అక్కడ' అన్నమాట, బాల్యంనుండి వల్లించినా చాలాకాలం నాకు చెవికెక్కలేదు. "తిరిగివచ్చి నన్నడుగుము" అని ఆ ఋషి అనలేదు. ఎక్కడికి పోయినా అక్కడ సజ్జనులుంటారని ఆయన విశ్వాసము.

మన పాపఘ్ని ఒడ్డున గండిలో వెలసిన ఆంజనేయస్వామి సముద్రం దాటినవాడే. రావణుడు ఆయనను చంపుమన్నప్పుడు, దూతను వధించుట ధర్మం కాదని అడ్డుపడిన విభీషణుడు లంకలోనివాడే. శత్రునగరంలోనే ఒక ధర్మాత్ముడుండగా, బిడ్డలుగా పిలిచి అన్నంపెట్టే దేశంలో లేకపోతారా?

అయితే సజ్జనులను వెదకికొనుటకు మన నియమం మనకు ఉండవలెను. 1888లో పద్దెనిమిదేండ్ల గాంధీగారు ఇంగ్లండుకు బయలుదేరితే కులపెద్దలు వెలివేసినారు. తల్లి పుత్లీబాయి మాత్రం మద్యమాంసములను, పరస్త్రీని ముట్టనని ప్రమాణం చేయించుకొని పంపినది. పరదేశంలో ఆయనను కాపాడినది వెలి కాదు, తల్లికి ఇచ్చిన మాట.

కనుక నాయనలారా, తల్లులారా! మీరు తినేదేదో, తిననిదేదో మొదటిరోజే ఆ ఇంటివారికి వినయంగా చెప్పండి. వారి ఆహారాన్ని ఏవగించుకొనవద్దు. ఆ ఇంటి పనిలో చేయి కలపండి. స్నానం చేసి రెండు నిమిషాలు ఇష్టదైవాన్ని తలచుకొంటే చాలును. మన ఊరిని గూర్చి వారడుగుతారు. గండికోటను, పెన్నానదిని ముందుగా చూచి, తెలిసికొని పోండి. తెలియనిది తెలియదనండి. దిగులు కలిగినప్పుడు దాచుకొనక, ఆ ఇంటి తల్లితో చెప్పుకొనండి. అమ్మా, మీరుకూడా ప్రతిపూటా ఫోనులో కన్నీరు పెట్టి వారిని బెదరగొట్టవద్దు.

మా అన్నగారు పరమపదించినప్పుడు ఆ కుమారుడు సముద్రం దాటి వచ్చి, యథావిధిగా కర్మ జరిపినాడు. ఒక్క మంత్రం తప్పలేదు. పదమూడవనాడు నాకు నమస్కరించినాడు. ఏండ్ల క్రిందట ఇవ్వవలసిన ఆశీస్సు ఆనాడు కన్నీటితో ఇచ్చినాను. మీ విషయంలో ఆ ఆలస్యం చేయను. మీరు బయలుదేరేనాడు నేనే గడప దాటివచ్చి సాగనంపుతాను.

క్షేమంగా వెళ్లి, లాభంగా రండి. శుభమస్తు.