మందుల సంస్థలో నవకల్పన: వైఫల్యపు ఖర్చు ఎవరిది?

సంస్థల్లో నవకల్పన ఎలా పుడుతుందన్న ప్రశ్నకు నిర్వహణశాస్త్రం విస్తారంగా సమాధానాలు చెప్పింది గాని, పుట్టిన నవకల్పన పదిహేనేళ్లపాటు ఎలా నిలుస్తుందన్న ప్రశ్నపై అంత శ్రద్ధ చూపలేదు. కొత్త ఆలోచన వస్తువై, జనం చేతికి అంది, సంస్థకు రాబడి తెచ్చేదాకా సాగే ప్రయాణమంతా నవకల్పనే. ఆ ప్రయాణంలో అధికభాగం ఖర్చే కనుక, విఫలమైన ప్రయత్నాల ఖర్చును ఎవరు భరిస్తారన్నదే ఇక్కడ అసలు విషయం. దీనికి హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ చరిత్ర దగ్గరి ఉదాహరణ.

1970 నాటి పేటెంట్ల చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికే హక్కునిచ్చి, మందుకు ఇవ్వకపోవడంతో, అదే మందును మరో మార్గంలో తీయగల రసాయన శాస్త్రజ్ఞులకు అవకాశం దొరికింది. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టి, ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన ఈ సంస్థ ఆ నేర్పుతోనే ఎదిగింది. ఆ నేర్పును అనుకరణగా చిన్నచూపు చూడడం అన్యాయం; మందును శుద్ధంగా, చౌకగా, పెద్దయెత్తున తయారుచేయడమూ నవకల్పనే, అది పేద రోగి ప్రాణానికి నేరుగా అక్కరకు వచ్చిన నవకల్పన. మందుకే పేటెంట్ ఇవ్వవలసిన పరిస్థితి (అది 2005లో వచ్చింది) రానున్నదని ముందే గ్రహించి, 1990ల తొలినాళ్లలోనే కొత్త అణువుల అన్వేషణకు ప్రత్యేక పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పడం సాహసం.

ఆ కేంద్రం కనుగొన్న బాలగ్లిటజోన్ అనే మధుమేహ అణువును 1997లో డెన్మార్కుకు చెందిన మందుల సంస్థ నోవో నార్డిస్క్ లైసెన్సుకు తీసుకుంది. గ్లిటజోన్లంటే శరీరకణాలు ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందించేలా చేసే మందులు. ఆ వెనుక అదే కేంద్రం నుంచి వచ్చిన రాగాగ్లిటజార్ అనే అణువు మనుషులపై పరీక్షల తుదిదశకు చేరినా, జంతువుల్లో కణితులు కనిపించడంతో 2002లో ఆగిపోయింది. బాలగ్లిటజోన్ సైతం చివరికి మార్కెట్టుకు చేరలేదు. ఏళ్ల తరబడి చేసిన శ్రమ ఒక్క పరీక్ష ఫలితంతో నిలిచిపోవడం ఈ రంగంలో అరుదు కాదు, ఆపవలసినచోట ఆపడం శాస్త్రధర్మం కూడా.

అయినా సంస్థ నిలదొక్కుకుంది; కారణం జనరిక్ మందుల రాబడి. పేటెంట్ రక్షణ తొలగిన మందును అదే గుణంతో ఇతరులు తయారుచేస్తే దాన్ని జనరిక్ అంటారు. 2001లో కుంగుబాటుకు వాడే ఫ్లూయోక్సెటిన్ జనరిక్ 40 మిల్లీగ్రాముల మోతాదుకు అమెరికాలో 180 రోజుల ప్రత్యేక విక్రయహక్కు ఈ సంస్థకు దక్కింది. ఇటువంటి ఆదాయమే అన్వేషణకు అన్నం పెట్టింది, కాని మూడు నెలలకోసారి లాభం లెక్క అడిగే మదుపరి ముందు పదిహేనేళ్ల అన్వేషణ ఎప్పుడూ ఖర్చుపద్దుగానే కనిపిస్తుంది. ఆ భారం పంచుకోవడానికి 2005లో ఐసీఐసీఐ వెంచర్, సిటీగ్రూప్ వెంచర్ పెట్టుబడితో పెర్లెకాన్ అనే ప్రత్యేక సంస్థ ఏర్పడి, కొన్ని అణువులు అందులోకి చేరాయి. నష్టభయాన్ని ఇలా విడదీయడం ఆర్థికంగా సబబే, కాని అణువును ఎరిగిన శాస్త్రజ్ఞుడికీ దాని భవితవ్యం తేల్చే పెట్టుబడిదారుకూ దూరం పెరిగితే, వైఫల్యం నేర్పిన పాఠం ఎవరి దగ్గరా మిగలదు.

ఆ పాఠం నిలవాలంటే, ఆగిపోయిన అణువుల ప్రయోగ నమోదులను సంస్థలు ఎలా భద్రపరుస్తున్నాయి, వాటిపై పనిచేసినవారిని తరువాత ఏ పనిలో నియమిస్తున్నాయి, ఆ ఖర్చును పద్దుల్లో ఏ పేరుతో చూపుతున్నాయి అన్న మూడు ప్రశ్నలపై పరిశోధన పత్రాలు రావడం ఎంతైనా అవసరం.