రెండో జట్టు

 

"ఉక్కు ఇంజినీరువి కదా, ఉక్కు గురించి నాలుగు ముక్కలు చెప్పరా" అన్నాడు మన కార్యదర్శి. భోజనాల ముందు ఉక్కు గురించి ఎవరు వింటారు? ఫుట్‌బాల్ గురించి చెబుతాను. అదీ నెదర్లాండ్స్‌లో రెండో అంచె ఫుట్‌బాల్.

కొన్నేళ్ల కిందట పని మీద అక్కడి ఐముయిడెన్‌లో నాలుగు నెలలున్నాను. సముద్రం ఒడ్డున టాటా స్టీల్ పెద్ద కర్మాగారం ఉన్న ఊరు. ఆ దగ్గర్లోనే టెల్‌స్టార్ అనే క్లబ్బు ఆడుతుంది. 1963లో రెండు క్లబ్బులు కలిసినప్పుడు, ముందటేడు అంతరిక్షంలోకి వెళ్లిన టెల్‌స్టార్ ఉపగ్రహం పేరు పెట్టుకున్నారు. పేరేమో ఆకాశంలో, స్టేడియమేమో మూడు వేల పైచిలుకు మందికి! శుక్రవారం సాయంత్రం షిఫ్టు దిగి నేనూ వెళ్లేవాణ్ని. చలిగాలికి చెవులు పోయేవి.

1978లో పై డివిజన్ నుంచి పడిపోయిన క్లబ్బు అది. నేను చూసేనాటికీ కిందే ఉంది. మళ్లీ ఎప్పుడు పైకెళతారని పక్కనున్న పెద్దాయన్ని అడిగితే నవ్వి, ఆట చూడమని చెయ్యి చూపించాడు.

ఈ లీగ్‌లో 20 జట్లు, ఒక్కొక్కరికి 38 ఆటలు. సీజన్‌ను నాలుగు భాగాలు చేస్తారు, మన క్వార్టర్లీ పరీక్షల్లాగే. ఒక్క భాగంలో ఫస్టు వచ్చినా, పైకెళ్లే ప్లేఆఫ్‌లలో ఆడే అవకాశం దొరుకుతుంది. పైగా దశాబ్దాల పాటు ఇక్కణ్ణుంచి కిందికి పడటం దాదాపు లేదు. దానివల్ల బద్ధకం పెరిగిందనేవాళ్లున్నారు. నిజమే కావచ్చు, కానీ చిన్న ఊళ్ల క్లబ్బులు మూతపడకుండా నిలిచాయి కదా!

డెంజెల్ డుమ్‌ఫ్రీస్ సంగతి చూడండి. పద్దెనిమిదేళ్లొచ్చేదాకా బారెండ్రెఖ్ట్ అనే అమెచ్యూర్ క్లబ్బులోనే ఆడాడు. 2014లో స్పార్టా రోటర్‌డామ్ తీసుకుంది. 2016లో స్పార్టా ఈ రెండో అంచె గెలిచింది. 2022 ప్రపంచ కప్‌లో అమెరికా మీద గోల్ కొట్టింది ఆ కుర్రాడే. రెండో అంచె లేకపోతే ఆలస్యంగా ఎదిగేవాడు ఎక్కడ ఆడతాడు?

నాకు నచ్చనిది ఒకటుంది. 2013 నుంచి అయాక్స్ వంటి పెద్ద క్లబ్బుల కుర్రజట్లనూ ఇందులో ఆడిస్తున్నారు. 2018లో అయాక్స్ కుర్రజట్టు లీగ్ గెలిచింది, ఫ్రెంకీ డి యాంగ్ ఆ జట్టులో ఆడినవాడే. నిబంధన ప్రకారం వాళ్లు పైకి వెళ్లకూడదు కనుక, రెండో స్థానంలోని ఫోర్టునా సిట్టార్డ్ వెళ్లింది. పెద్దవాళ్ల పిల్లలకు శిక్షణ బాగానే దొరుకుతుంది, కానీ ఆ చోటు ఇంకో ఊరిది కావలసింది.

2025లో టెల్‌స్టార్ ప్లేఆఫ్‌లో విలెమ్ టూని ఓడించి, 47 ఏళ్ల తర్వాత పైకెళ్లింది. వార్త చూడగానే ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. ఉన్నాడో లేదో.

తొమ్మిదో తరగతిలో నన్ను జట్టులోకి తీసుకోలేదు. ఎత్తు చాలదన్నారు. ఇంటర్‌లో ఆరంగుళాలు పెరిగాను, కానీ అప్పటికి ఆడటానికి జట్టంటూ ఏదీ లేదు. డ్రిల్లు మాస్టారి మీద కోపం లేదు. ఉన్నది ఒక్కటే జట్టు, పదకొండు మందే.

అందుకని సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో కొంత తీసి, సెలక్షన్‌లో పోయిన పిల్లలతో రెండో జట్టు పెట్టండి. సాయంత్రాలు ఆడించడానికి ఒక కోచ్, ఏడాదికి కొన్ని బంతులు, చుట్టుపక్కల స్కూళ్లతో నెలకో ఆట చాలు. గోల్‌పోస్టులు నాకు వదిలేయండి. ఇనుము పనే కదా, తుప్పు పట్టకుండా నేనే చేయించి తెస్తాను.