ఊపిరితిత్తియు, యంత్రపు గాలియు



తిత్తి యనగా తోలుసంచి. మన పెద్దలు శ్వాసస్థానమునకు ఊపిరితిత్తి యని పేరిడుట మిక్కిలి సముచితము. మెత్తని తిత్తిలో గాలి నూదినచో సులభముగా పొంగును. తడిసి ముడుతలు అంటుకొనిన తిత్తిలో ఊదినచో, అంటుకొనిన చోటు తెఱచుకొనక, తెఱచియున్న చోటే మితిమీఱి ఉబ్బవచ్చును. తీవ్రమైన శ్వాసవైఫల్యమునందు వెంటిలేటరను యంత్రముతో ఊపిరి పోయు వైద్యునకు ఎదురగు చిక్కు ఇదియే.

న్యుమోనియా మొదలగు వ్యాధులు ముదిరినపుడు ఊపిరితిత్తులలోని సన్నని గాలిగదులు కొన్ని నీటితో నిండును, కొన్ని ముడుచుకొనును. 1967వ సంవత్సరమున అమెరికాలోని డెన్వరు నగర వైద్యులు ఆష్‌బా, పెట్టీ ప్రభృతులు ఇట్టి 12 మంది రోగుల వృత్తాంతమును లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. రోగి ఊపిరి విడిచిన పిమ్మటను యంత్రము లోపల కొంత ఒత్తిడిని నిలిపియుంచినచో మేలగునని వారు గమనించిరి. ఈ నిలుపుడొత్తిడిని వైద్యులు ‘పీప్’ అందురు. ఇన్ని సెంటీమీటర్ల నీటిమట్టమునకు సమానమని దీనిని కొలుతురు.

అయినచో ఎంత నిలుపవలెను? ఇద్దఱు రోగులను ఊహింపుడు. ఇరువురికిని ఊపిరి కొకమాఱు 360 మిల్లీలీటర్ల గాలి పంపబడుచున్నది. నిలుపుడొత్తిడి 5, గాలి నిండి క్షణకాలము ఆగినపుడు ఒత్తిడి 20, భేదము 15. అనగా సెంటీమీటరు ఒత్తిడికి 24 మిల్లీలీటర్ల గాలి పట్టినది. ఇపుడు నిలుపుడొత్తిడిని 10కి పెంచిరి. మొదటివానికి పై ఒత్తిడి 22 మాత్రమే అయినది. భేదము 12కు దిగినది. సెంటీమీటరునకు 30 మిల్లీలీటర్లు పట్టుచున్నది. మూతపడిన గదులు తెఱచుకొనుచున్న వనుటకు ఇది గుర్తు. రెండవవానికి పై ఒత్తిడి 30 అయినది. భేదము 20, పట్టునది 18 మిల్లీలీటర్లే. అతని ఊపిరితిత్తి తెఱచుకొనుటకు మాఱుగా బిగియుచున్నది. ఒకే ఔషధము ఒకనికి పథ్యము, వేఱొకనికి అపథ్యము అయినట్లే, ఒకే ఒత్తిడి ఒకనికి మేలు, వేఱొకనికి కీడు.

రక్తములోని ప్రాణవాయువు పెరిగినదిగదా, అది చాలదా యని మీరడుగవచ్చును. చాలదు. 2000వ సంవత్సరమున అమెరికాలో 861 మంది రోగులపై జరిగిన పరీక్షాఫలితములు వెలువడినవి. ఎత్తునుబట్టి లెక్కించిన దేహపు తూకములో కిలో ఒక్కింటికి 12 మిల్లీలీటర్ల చొప్పున గాలి పొందినవారికి మొదటి దినములలో ప్రాణవాయువు మెఱుగుగా నుండెను. అయినను వారిలో నూటికి సుమారు 40 మంది మరణించిరి. 6 మిల్లీలీటర్లు పొందినవారిలో మరణించినవారు నూటికి 31 మంది. అంకె చూచి సంతసించిన చోటనే లోపల గాయమగుచుండెను. మఱియు, ఱొమ్ములో ఒత్తిడి హెచ్చినచో గుండెకు మరలివచ్చు రక్తము తగ్గి రక్తపోటు పడిపోవచ్చును. మూతపడిన గదులను బలిమితో తెఱచి, పిదప నిలుపుడొత్తిడిని కుదుర్చు పద్ధతిని 1,010 మంది రోగులపై పరీక్షింపగా, ఆ పద్ధతివలన మరణములు పెరిగినట్లు 2017లో తేలినది.

కావున వివేకియగు వైద్యుడు ఒత్తిడిని కొంచెముగా మార్చి, భేదమును, ప్రాణవాయువును, రక్తపోటును కలిపి చూచి, పిదపనే ముందునకో వెనుకకో అడుగిడును. కొందఱిని బోర్ల పరుండబెట్టుటవలన వీపువైపున మూతపడిన భాగము తెఱచుకొని మేలగుటయు గలదు.

ఇట్టి ఆపద మన యిండ్లకు రాకుండుగాక! వచ్చినచో వార్డు వెలుపల కూర్చున్న బంధువులు “డాక్టరుగారూ, యంత్రము ఇంకను హెచ్చింపరేమి?” యని తొందరపెట్టుట సహజమే. దానికి బదులు “అయ్యా, ఒత్తిడి మార్చిన తరువాత ఊపిరితిత్తి మెత్తబడినదా, బిగిసినదా?” యని అడుగుడు. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానమునుబట్టి రోగి స్థితి మీకు కొంత తెలియును. వైద్యుని తాలిమికి కారణమును తెలియును.

సెలవు.