అప్పజెప్పిన లెక్క

 

నేను మన విశాఖ పూర్ణా మార్కెట్‌లో పెరిగినవాణ్ణి. మా నాన్నగారిది అక్కడ చిన్న కిరాణా కొట్టు. తెల్లవారుజామున కూరగాయల బస్తాలు దిగే వేళకే ఆయన గల్లాపెట్టె ముందు కూర్చునేవారు. పక్కనే ఎర్ర అట్ట ఖాతా పుస్తకం. ఎవరికెంత బాకీ, ఎవరింట్లో పంచదార మానేసి రాగులు మొదలుపెట్టారు, ఎవరింట్లో బాలింత ఉంది, అన్నీ ఆ పుస్తకం చూస్తే తెలిసిపోయేవి. ఒకరి పద్దు చూపిస్తున్నప్పుడు నాన్న పక్క పేజీ మీద అరచెయ్యి అడ్డం పెట్టేవారు. ఎందుకని అడిగితే, "అది వాళ్లు నమ్మి అప్పజెప్పిన లెక్కరా. మనది కాదు" అన్నారు. రోగి రికార్డు గురించి, ఈ రోజు పట్టా అందుకుంటున్న యువ వైద్యులైన మీకు నేను చెప్పదలచుకున్నది ఆ మాటలోనే ఉంది.

ఆ మాట విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక కళాసీ వార్డులో చేరాడు. మా మార్కెట్‌లోనే బస్తాలు మోసేవాడు. కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. మందులున్నాయి, క్రమం తప్పకుండా వాడితే నయమైపోతుందని ధైర్యం చెప్పాలన్న ఆత్రంలో వార్డు మధ్యన నిలబడి అందరికీ వినపడేలా చెప్పేశాను. పక్క మంచం మీదున్నతనూ మార్కెట్ మనిషే. మర్నాడు నేను వెళ్లేసరికి కళాసీ సంచీ సర్దుకుంటున్నాడు. "నా రోగం నాకు సెప్తే సాలదేటి బాబూ? ఊరందరికీ సెప్పాలా?" అన్నాడు. మళ్లీ రాలేదు. మార్కెట్‌లో అతనికి బస్తా ఎత్తేవాళ్లు లేకపోయారని తరవాత నాన్న చెప్పారు. మందు సగంలో ఆగిపోయింది. ఆ రోజు నా దగ్గర కంప్యూటర్ లేదు. నా నోరొక్కటే ఉంది. ఒక మనిషి కూలికీ వైద్యానికీ కూడా దూరం కావడానికి అదే చాలింది.

మీ చేతుల్లో ఉన్నది నా నోటికన్నా వెయ్యిరెట్లు దూరం పోతుంది. 2018 జూన్‌లో మన రాష్ట్రంలోనే జరిగిన సంగతి వినండి. పేదలకు చవగ్గా జెనరిక్ మందులమ్మే అన్న సంజీవిని దుకాణాల వెబ్‌సైట్‌లో, కొన్నవారి పేర్లు, ఫోన్ నంబర్లు, వాళ్లు కొన్న మందులు ఎవరైనా చూడగలిగేలా ఉండిపోయాయి. ఎవరూ తాళం పగలగొట్టలేదు. అసలు తలుపే వెయ్యలేదు. భార్యాభర్తలు కూడా ఒకరికొకరు చెప్పుకోవడానికి సంకోచించే లైంగిక సమస్యల మందులు కొన్నవాళ్ల వివరాలూ అందులో ఉన్నాయి. శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకుడు బయటపెడితే తప్ప ఆ సంగతి జనానికి తెలియలేదు. పథకం మంచిదే. అమ్మకాల లెక్క చూసుకోవడమూ తప్పు కాదు. అయితే ఎన్ని మాత్రలు అమ్ముడయ్యాయో తెలుసుకోవడానికి ఎవరు కొన్నారో లోకానికి చూపించక్కర్లేదు. ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

అలాగని సాంకేతిక సంస్థలు రికార్డులు అడిగితే తలుపులు మూసుకోమని నేను చెప్పను. మన హనుమంతవాకలో శాఖ ఉన్న ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2016 డిసెంబరులో మైక్రోసాఫ్ట్‌తోను, అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా సంస్థలతోను కలిసి ఒక పని మొదలుపెట్టింది. పేర్లు తీసేసిన కంటి రికార్డులను కంప్యూటర్‌తో పరిశీలించి, పిల్లల్లో మయోపియా ఎంత వేగంగా పెరుగుతుందో, ఆపరేషన్ తరవాత చూపు ఎలా ఉంటుందో ముందే అంచనా వెయ్యాలన్నది ఆశయం. ఏ శ్రీకాకుళం పల్లెలోనో ఒక పాప చూపు దాని వల్ల నిలబడితే అంతకన్నా ఏం కావాలి?

కానీ మంచి పని అన్నంత మాత్రాన అడగకుండా తీసుకోవచ్చా? లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి 2015లో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్‌తో ఒప్పందం చేసుకుని సుమారు 16 లక్షల మంది రికార్డులు అందించింది. మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినడాన్ని వెంటనే పసిగట్టే యాప్ కోసం. అది ప్రాణాలు కాపాడే పనే. అయినా ఆ ఆసుపత్రి చట్టాన్ని పాటించలేదని 2017 జులైలో బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం తేల్చింది. తమ రికార్డులను ఇలా వాడుతున్నారని రోగులకు సరిగా చెప్పకపోవడం అందులో పెద్ద లోపం.

పేర్లు తీసేశాం కదా అని కొందరంటారు. అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990లలో, పేర్లు లేని ఆసుపత్రి జాబితాను ఓటర్ల జాబితాతో పోల్చి ఏకంగా మసాచుసెట్స్ గవర్నరు రికార్డునే పట్టుకున్నారు. పుట్టిన తేదీ, ఆడో మగో, పిన్‌కోడ్, ఈ మూడే ఆమెకు సరిపోయాయి. అంత దూరం ఎందుకు? "యాభై రెండేళ్ల మగమనిషి, అరటిగెలల వ్యాపారి, వారానికి మూడుసార్లు డయాలసిస్" అని పేరు లేకుండా రాసి పూర్ణా మార్కెట్‌లో చదవండి. అతనెవరో టీ కొట్టు కుర్రాడు చెప్పేస్తాడు.

గోప్యత హక్కు విషయంలో దేశం ఒక తెలుగువాడికి రుణపడి ఉంది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు 1962లో సుప్రీంకోర్టు ముందున్న ఖరక్ సింగ్ కేసులో, పోలీసుల నిఘాను తప్పుపడుతూ, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమని భిన్నాభిప్రాయం రాశారు. అప్పుడది మైనారిటీ తీర్పు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించడంతో ఆయన మాటే నిలిచింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలుండాలని ఆ చట్టం అంటోంది. అంటే ఆ నిబంధన అమల్లోకి వచ్చాక తెలుగులో అడిగించుకోవడం మన రోగి హక్కు. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోవచ్చు కూడా. అయితే 2011 నాటి ఐటీ నియమాలు వైద్య రికార్డులను సున్నితమైన సమాచారంగా వేరుగా గుర్తించాయి. కొత్త చట్టంలో ఆ ప్రత్యేక తరగతి లేదు. చట్టం వదిలిన ఆ ఖాళీలో రోగికి కాపలా ఉండాల్సింది మీరే.

ఆ కాపలా మీ జేబులోని ఫోను దగ్గర మొదలవ్వాలి. సలహా కోసం ఎక్స్‌రే ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు, మూలనున్న పేరు, ఓపీ నంబరు చెరిపారా అని చూడండి. రోగి కథంతా చాట్‌బాట్‌లో టైపు చేసే ముందు, అది ఏ సర్వర్‌కు పోతుందో, అక్కడ ఎన్నాళ్లుంటుందో తెలుసుకోండి. తెలియకపోతే టైపు చెయ్యకండి. రేపు మీరే ఆసుపత్రి నడుపుతారు. ఉచితంగా సాఫ్ట్‌వేర్ ఇస్తామని ఎవరో వస్తారు. రికార్డులు ఎవరు చూస్తారు, దేనికి వాడతారు, ఇంకెవరికైనా అమ్ముతారా, ఒప్పందం ముగిశాక చెరిపేస్తారా అని అడగండి. జవాబు కాగితం మీద రాకపోతే సంతకం పెట్టకండి. ఆరోగ్య రికార్డులను కలిపే ఆభా నంబరు ఐచ్ఛికమని ఓపీ కౌంటరు దగ్గర నిలబడ్డ ముసలమ్మకు మీరే చెప్పండి. రోగి తన రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. సొంతదారుకు ఇవ్వడానికి వెనకాడే ఆసుపత్రికి, అదే రికార్డును కంపెనీకి ఇచ్చే నైతిక హక్కు లేదు.

మన వన్ టౌన్‌లోని విక్టోరియా ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. ఘోషా అంటే పరదా. పరాయివాళ్ల కంటపడని చోటు దొరికితేనే వైద్యానికి వచ్చే ఆడవాళ్లున్న రోజులనాటి పేరది. పరదాల కాలం పోవడం మంచిదే. కానీ మరుగు దొరికితేనే మనిషి జబ్బు బయటపెడతాడన్న ఎరుక ఆ పేరులో ఉంది. ఆ నమ్మకం పోతే రోగి నిజం దాస్తాడు. నిజం దాచిన రోగికి ఎంత గొప్ప యంత్రమూ సరైన మందు చెప్పలేదు.

డాక్టర్లారా, ఈ రోజు నుంచి ఊరు తన లెక్క మీకు అప్పజెబుతోంది. పేజీ మీద అరచెయ్యి పెట్టండి. ఎవరికైనా చూపించాల్సి వస్తే ముందు రోగిని అడగండి, తెలుగులో అడగండి, కాదంటే ఆగిపోండి. నా కళాసీకి నేను ఇవ్వలేని జవాబు మీరు మీ రోగులకు ఇవ్వండి: "నీ రోగం నీకే చెబుతాను. నువ్వు ఒప్పుకుంటే తప్ప ఊరికి చెప్పను."