ఒక వేసవి శిక్షణ – మన పిల్లల చదువు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉర్దూ పాఠాలు చెప్పుకునే మాస్టారికి ఫ్యాషన్‌తో పనేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చును. నా దగ్గర పదో తరగతి దాకా చదివి, ఇంటరు పూర్తిచేసిన ఒక అమ్మాయి గత వేసవిలో హైదరాబాదు వెళ్ళి నాలుగు వారాల ఫ్యాషన్ మీడియా కోర్సు చేసి వచ్చింది. తండ్రి దర్జీ. తల్లి ఇంటిదగ్గరే మగ్గం వర్కు చేస్తుంది. ఆ అమ్మాయి చెప్పిన సంగతులు మన ఇళ్ళలో చాలామందికి పనికివస్తాయని మీ ముందు ఉంచుతున్నాను.

ఫ్యాషన్ మీడియా అంటే, కుట్టిన బట్టను ఫోటోలోనో, పత్రికలోనో, ఫోనులోనో జనానికి చూపించడం, దాన్ని గురించి వ్రాయడం. ఇది పాత విద్యే. అమెరికాలో 'వోగ్' పత్రిక 1892లో మొదలైంది. 1932లో దాని అట్టమీద మొదటిసారి రంగుల ఫోటో వచ్చింది. మన దేశపు 'వోగ్' 2007లో ప్రారంభమైంది. ఇక ఉర్దూలో స్త్రీల పత్రిక 'తహ్‌జీబె నిస్వాఁ' 1898లోనే లాహోరులో ముహమ్మదీ బేగం సంపాదకత్వాన వెలువడింది. పత్రికాపని ఆడపిల్లలకు కొత్త అనడానికి వీలులేదు.

మొదటి వారం కెమెరా ముట్టుకోనివ్వలేదట. పత్రికల్లోని బొమ్మలు కత్తిరించి, వెలుతురు ఏ వైపునుంచి వచ్చింది, బొమ్మలో ఏది దాచారు అని వ్రాయించారు. రెండో వారం ఫోటోలు. బట్టను ఇస్త్రీ చేయడం, వదులుగా ఉంటే వెనకాల పిన్నులు పెట్టి బిగించడం, నీడపడే వైపు తెల్లని థర్మోకోల్ అట్ట నిలబెట్టి వెలుతురు మళ్ళించడం నేర్పారు. "మా అబ్బా కుడితే వెనకాల పిన్నులక్కర్లేదు సార్" అన్నది ఆ పిల్ల నాతో.

మూడో వారం వ్రాతపని. వార్త ఏది, ప్రకటన ఏది అన్న పాఠం. డబ్బుగాని, ఉచితంగా సరుకుగాని పుచ్చుకుని ఫోనులో పొగిడేవారు, అది ప్రకటన అని తెలియజేయాలని మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమాలు పెట్టింది. ఫ్రాన్సులో 2017 నుండి, వాణిజ్య ఫోటోలో మోడల్ శరీరాన్ని సన్నంగానో లావుగానో మారిస్తే ఆ సంగతి అక్కడే వ్రాయాలి. ఫోనులో బొమ్మను చూసి, అద్దంలో తమను చూసుకుని మన ఆడపిల్లలు దిగులుపడే రోజులివి. ఈ ఒక్క పాఠం ప్రతి బడిలోనూ చెప్పవలసినదే.

ఢాకా దగ్గర రాణా ప్లాజా సంగతి కూడా అక్కడ చదివించారు. గోడలు బీటలు వారాయని ముందురోజే తెలిసినా కార్మికులను పనిలోకి పిలిచారు. 2013 ఏప్రిల్ 24న ఆ ఎనిమిదంతస్తుల భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. వాళ్ళు కుట్టిన బట్టలు ఎన్నో దేశాల దుకాణాల్లో అందమైన ఫోటోల కింద అమ్ముడుపోయేవి. ఆ ఫోటోల్లో కుట్టినవాళ్ళు కనబడరు.

చివరి వారం తలా ఎనిమిది పేజీల పుస్తకం తయారుచేయాలి. మిగతావారు పెళ్ళిబట్టలు ఎంచుకున్నారు. మన అమ్మాయి తల్లి పని ఎంచుకున్నది. ముఖం ఫోటో తీయవద్దన్నది తల్లి. అనుమతి లేనిదే ఫోటో తీయరాదని కోర్సులోనూ చెప్పారు. అందుచేత చేతులు, కార్‌చోబ్, దారపు డబ్బాలు మాత్రమే తీసింది. ఇంగ్లీషు సరిగా రాదని మొదటి వారమంతా వెనక బెంచీలో కూర్చున్న పిల్ల, దబ్కా, నక్షీ, సల్మా, సితారా అని వేరువేరుగా పేర్లు వ్రాసేసరికి అందరూ చుట్టూ చేరి అడిగి తెలుసుకున్నారట. వాళ్ళకు అదంతా ఉత్త ఎంబ్రాయిడరీయే.

ఫోటోగ్రాఫరు పేరు, మోడల్ పేరు, మేకప్ చేసినవారి పేరు వేస్తారు గదా, పని చేసినవారి పేరు ఏదీ అని ఆ పిల్లకు అనుమానం వచ్చింది. "నా పేరెందుకే" అని తల్లి రెండురోజులు ఒప్పుకోలేదు. చివరకు ఒప్పుకున్నది. పేరు పక్కన ఆ జాకెట్టుకు ఎన్ని గంటలు పట్టిందో కూడా వేశారు. ఆ లెక్క చూసుకున్న తరువాత ఆమె, పని తెచ్చి ఇచ్చే మనిషిని కూలి పెంచమని మొదటిసారి అడిగింది. కొద్దిగానైనా పెంచాడు.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. నాలుగు వారాల సర్టిఫికెట్టుతో ఉద్యోగం రాదు. అలా వస్తుందని చెప్పేవారిని నమ్మవద్దు. ఫీజు కట్టేముందు పాఠాలు ఎవరు చెబుతారు, కెమెరా వాళ్ళే ఇస్తారా, ఆడపిల్లలకు బస ఎక్కడ అని విచారించండి. పూర్తి చదువు కావాలంటే 1986లో ఢిల్లీలో నెలకొల్పిన నిఫ్ట్ ఉన్నది. 1995లో హైదరాబాదులోనూ వచ్చింది. ఫ్యాషన్ కమ్యూనికేషన్ అక్కడ నాలుగేళ్ళ డిగ్రీ. ప్రవేశపరీక్ష వ్రాయాలి.

మన అమ్మాయి ఆ పరీక్ష వ్రాస్తానంటున్నది. నాలుగేళ్ళ ఫీజు మాట తలచుకుని తండ్రి ఇంకా సరేననలేదు. దర్జీ సంపాదన ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆయన భయం న్యాయమైనదే, ఆ పిల్ల కోరికా న్యాయమైనదే. స్కాలర్‌షిప్పులు, బ్యాంకు అప్పు వివరాలు తెలిసినవారు ఈ సభలోనే ఉన్నారు. ఒక సాయంకాలం వెళ్ళి ఆ తండ్రి పక్కన కూర్చుని లెక్క వేసి చూపించండి. నలుగురూ ఏమనుకుంటారోనన్న మాట తరువాత, ముందు ఈ లెక్క తేలనివ్వండి.