పురుగుకాటు జ్వరములు



మన కర్నూలు, కడప సీమలలో నాలుగు వానలు కురిసిన పిదప బీళ్లయందు గడ్డి మోకాలియెత్తున లేచును. గొఱ్ఱెలకును మేకలకును అది పండుగ. పల్లెలలో జ్వరములు మొదలగునదియు నప్పుడే. దోమవలన వచ్చు జ్వరమును గూర్చి మీరందఱు నెఱుగుదురు. గడ్డినుండియు, పశువుల మేనినుండియు వచ్చు జ్వరమును గూర్చి నేడు మనవి చేసెదను.

కొన్ని యేండ్ల క్రిందట నల్లమల యంచునగల యొక పల్లెనుండి ముప్పదియేండ్ల గొఱ్ఱెలకాపరిని నా యొద్దకు తెచ్చిరి. జ్వరము పట్టి అప్పటికి ఆఱు దినములైనది. తలనొప్పిచే అతడు కన్నులు విప్పలేకుండెను. మలేరియా యేమో యని రక్తము చూపించితిని, కాదని తేలినది. టైఫాయిడ్ అనుకొని మందు మొదలిడితిని. మూడు దినములు గడచినను జ్వరము తగ్గలేదు సరికదా, ఆయాసము కూడ తోడయ్యెను. ఆ సాయంకాలము అతని తల్లి తడిగుడ్డతో ఒడలు తుడుచుచు, మొలత్రాటి క్రింద కందిగింజంత నల్లని మచ్చను చూచి, "సామీ, ఇక్కడ బీడీ తగిలి కాలినట్టుంది. నొప్పి లేదంటాడు. ఇదేంది?" అని యడిగెను.

నేను తల వంచుకొంటిని. మంద యెక్కడ గట్టితివని గాని, రాత్రి యెక్కడ పండుకొంటివని గాని అతని నడుగనైతిని. మొలత్రాడు సడలించి చూడనైతిని. ఆ పూటయే మందు మార్చితిని. రెండు దినములలో జ్వరము విడిచినది. వైద్యుడు చూడనిదానిని తల్లి చూచినది. నేటి నా మాటకు మూలమిదియే.

ఈ జ్వరమునకు స్క్రబ్ టైఫస్ అని పేరు. పొదలలోను గడ్డిలోను ఎలుకల నాశ్రయించి బ్రదుకు నల్లివంటి సూక్ష్మమైన పురుగు యొక్క పిల్ల దీనిని తెచ్చును. అది కంటికి కనబడుట అరుదు. కఱచినను నొప్పి యుండదు. కఱచిన ఆఱు మొదలు ఇరువదియొక్క దినములలో జ్వరము, తీవ్రమైన తలనొప్పి, ఒడలినొప్పులు పుట్టును. కఱచినచోట నల్లని పెచ్చు గట్టును. చంకలు, గజ్జలు, నడుము, స్త్రీలకు ఱొమ్ముల క్రింద, ఇట్టి మఱుగుచోట్లనే ఆ పురుగు వెదకికొనును. ఉపేక్షించినచో ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడు చెడి ప్రాణాపాయము కలుగును. ఒకరినుండి మఱియొకరికి ఇది అంటదు. కావున రోగిని దూరముగా నుంచవలసిన పని లేదు.

దీనికి చుట్టమైనది పిడుదు జ్వరము. కుక్కలను, పశువులను పట్టు పిడుదులు కఱచుటవలన వచ్చును. ఇందు జ్వరముతో కూడ ఎఱ్ఱని దద్దులు లేచి, అరచేతులకును అరికాళ్లకును ప్రాకును. పిల్లలయందు తల్లిదండ్రులు దీనిని తట్టు అని భ్రమపడి వేపమండలు కట్టి ఊరకుందురు. అది పొరపాటు.

ఈ రెండింటికిని మంచి మందు కలదు. 1948లో అమెరికాయందలి లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను ఔషధమును వెలువరించెను. అప్పుడు అచ్చటి పరిశోధనలకు పెద్దగా నుండినవాడు మన తెలుగువాడు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఇప్పుడు ఈ జ్వరములకు వాడు డాక్సీసైక్లిన్ ఆ కుటుంబములోనిదే. అది వెల తక్కువది. వైద్యుడు వయస్సును, గర్భమును చూచి అదియో, అజిత్రోమైసినో యిచ్చును. మీయంతట మీరు కొని మ్రింగరాదు. వేళకు మొదలిడినచో తఱచుగా రెండు దినములలో జ్వరము దిగును.

ఇక జాగ్రత్తలు. బీటిలో మంద గట్టినపుడు వట్టినేలపై పండుకొనరాదు. మంచమో, మందమైన చాపయో కావలెను. ఉతికిన బట్టలను పొదలమీద ఆరవేయరాదు. చేనినుండి వచ్చినవెంటనే సబ్బుతో ఒడలు రుద్ది స్నానము చేసి, ఆ బట్టలను వేడినీట నుతుకవలెను. ఇంటిచుట్టు పొదలు కొట్టి, ఎలుకలకు చోటు లేకుండ చేయవలెను. కొట్టములోని గోడల పగుళ్లు పూడ్చి, పశువుల పిడుదులకు పశువైద్యుడు చెప్పిన మందునే వాడవలెను.

పిడుదు మేనికి కఱచుకొని యున్నచో నిప్పు చూపుట, కిరోసిన్ పోయుట, గోళ్లతో చిదుముట కూడదు. ముల్లు తీయు చిమటాతో చర్మమునకు ఆనించి పట్టి, నిలువుగా మెల్లగా లాగివేసి, ఆ చోటును సబ్బుతో కడుగవలెను.

పెద్దలారా, మీ యూర నెవరికైన జ్వరము మూడు దినములు విడువకున్నచో రెండు పనులు చేయించుడు. ఒకటి, ఒడలంతయు చూపించుడు. మగవారికి మొలత్రాడు సడలించి చూడవలెను. స్త్రీలకు ఇంటి ఆడువారే చూడవలెను, సిగ్గుపడి దాచరాదు. రెండవది, వైద్యునితో "మావాడు గడ్డిలో పండుకొన్నాడు, మందలో తిరిగినాడు" అని ఆయన యడుగకమునుపే చెప్పుడు. మచ్చ కనబడకున్నను ఈ జ్వరము కావచ్చును. కావున మచ్చ లేదని ఇంటనే నిలిచిపోక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు వెళ్లుడు. ఆయాసముగాని, మాట తడబాటుగాని కనబడినచో ఆ గడియయే కర్నూలు, కడప పెద్దాసుపత్రులకు చేర్చుడు.

ఆ కాపరి నేటికిని గొఱ్ఱెలు కాచుచున్నాడు. మందలోనికి మంచము మోసికొని పోవుచున్నాడట. తోడివారు నవ్వుదురట. నవ్వనిండు. మీ రచ్చబండకడ ఈ మాట చెప్పి, ఆ నవ్వువారి చేతను మంచములు మోయించుడు.