తోట ముందు జెండా - బేరమునకు పిలుపు

(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంట పండించుట ఒక యెత్తు. పండిన పంటను గిట్టుబాటుగా అమ్ముకొనుట మరియొక యెత్తు. మామిడి, జామ, బొప్పాయి వంటి పండ్లు మన బేరము కుదురువరకు ఆగవు. నాలుగు నాళ్లు గడచిన యెడల మెత్తబడును. అప్పుడు వర్తకుడు చెప్పిన ధరకు తలయొగ్గవలసివచ్చును. అందుచేతనే బాట ప్రక్క తోటలున్న పలువురు రైతులు తోట ముందే పందిరి వేసి నేరుగా అమ్ముకొనుచున్నారు. అట్టి అమ్మకమునకు అచ్చువేసిన జెండా ఎట్లు తోడ్పడునో, ఎక్కడ చెరుపు చేయునో ఈ దినము ముచ్చటింతము.

ముందుగా జెండా పని ఏమో తెలిసికొనవలెను. గుడి ధ్వజస్తంభమును, దర్గా మీది జెండాను ఊరి వెలుపలినుండియే గుర్తుపట్టెదము. ఎత్తుగానున్నది, గాలికి కదలునది కంటికి ముందుగా ఆనును. కాబట్టి జెండా పని పిలుచుట మాత్రమే. ధర, రకము, తూకము చెప్పుట పందిరి వద్ద కట్టిన పలక పని. ఈ రెండు పనులు జెండాకే అప్పగించిన యెడల రెండును చెడును. రైతు బజారులో కూర్చున్న వారికి జెండాతో పనిలేదు. కొనువారు అక్కడికి వచ్చియే ఉన్నారు. అక్కడ ధరల పలక చాలును.

ఇక జెండా ఎక్కడ పాతవలెను? గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక సెకనులో సుమారు 17 మీటర్లు సాగును. నడుపువాడు జెండాను చూచి, ప్రక్కవారితో ఒక మాట అనుకొని, వెనుక వచ్చు బండిని గమనించి, వేగము తగ్గించుటకు ఆరేడు సెకనులైనను కావలెను. అంతలో బండి 100 మీటర్లకు పైగా వచ్చివేయును. జెండా పందిరి ప్రక్కనే ఉన్నచో అతడు దాటిపోవును. లేదా ఉన్నపాటున బ్రేకు వేయును. వెనుక లారీ వచ్చుచున్నచో ఏమగునో మీకు చెప్పనక్కరలేదు. రెండు కిలోల పండ్ల బేరమునకు ఒక ప్రాణము ఒడ్డరాదు.

కావున మొదటి జెండాను పందిరికి సుమారు 150 మీటర్ల ముందు మీ పొలము గట్టున గాని, ఒప్పుకొన్న పొరుగు రైతు గట్టున గాని పాతుడు. రెండవది బండి లోనికి తిరుగు చోట ఉండవలెను. బండ్లు బాట దిగి నిలుచుటకు చదునైన చోటు ముందుగానే సిద్ధము చేయుడు. అట్టి చోటు లేనివారు జెండా కట్టకుండుటయే మేలు. మలుపుల వద్ద, కూడళ్ల వద్ద, వంతెనల వద్ద పాతరాదు. రహదారి సరిహద్దులోని నేల మనది కాదు. అక్కడ అనుమతి లేనిదే గుంజ నాటరాదు. కరెంటు తీగల క్రింద ఎత్తైన గుంజ ఎన్నడును నిలుపరాదు.

వ్రాత విషయము. 100 మీటర్ల దూరమునుండి చదువుటకు అక్షరము ఇంచుమించు అడుగు ఎత్తైనను ఉండవలెను. మన తెలుగు అక్షరములకు పైన గుడి, క్రింద వత్తు ఉండును గనుక వరుసల మధ్య మరింత చోటు కావలెను. అందుచేత ఒక్క మాటే వేయించుడు: 'మామిడి', 'జామ', 'తేనె'. నిలువు జెండాపై అక్షరములను ఒకదాని క్రింద ఒకటి అచ్చువేయునప్పుడు వత్తును అక్షరమునుండి విడదీయకుండ చూచుకొనుడు. ఫోను నంబరు, యజమాని బొమ్మ, ఊరి పేరు జెండాపై వృథా. పచ్చని తోట ముందు పచ్చ జెండా కనబడదు. పసుపు మీద నలుపు అక్షరములు స్పష్టముగ తోచును. ఏ రాజకీయ పక్షపు జెండానో అనుకొనునట్టి రంగుల కలయిక వలదు. జాతీయ పతాకమును వ్యాపార ప్రకటనకు వాడుట చట్టవిరుద్ధము.

ఒంటి పొర గుడ్డపై అచ్చు వేసిన యెడల రెండవ వైపు అక్షరములు తిరగబడి కనిపించును. బండ్లు రెండు దిక్కులనుండి వచ్చు బాటయైనచో రెండు పొరలు, నడుమ అస్తరు వేయించుడు. లేదా ఒక్కొక్క దిక్కునకు వేరు జెండా కట్టుడు.

ఎండకాలపు మధ్యాహ్నము గాలి ఆడనప్పుడు మామూలు జెండా ముడుచుకొనిపోవును. ఒంపు కడ్డీకి బిగించిన ఈక ఆకారపు జెండా గాలి లేకున్నను విచ్చుకొనియుండును. నూలు గుడ్డ వానకు తడిసి బరువెక్కును. పాలియెస్టరు గుడ్డ తేలిక, త్వరగా ఆరును. 2022 జూలై 1 నుండి దేశమంతట ప్లాస్టిక్ జెండాలును, 100 మైక్రానుల కంటె పలుచనైన ప్లాస్టిక్ బ్యానర్లును నిషేధింపబడినవి. అట్టివి చవుకగా దొరికినను కొనరాదు. రాత్రి, గాలివాన సమయమున జెండా దించుడు. చివర చిరుగు కనబడగనే కత్తిరించి మడిచి కుట్టుడు. చిరిగి వెలిసిన జెండాను చూచినవారు దుకాణము మూతబడినదనుకొందురు.

ఖర్చు గిట్టునా యని మీరు అడుగవచ్చును. జెండాకు, కడ్డీకి కలిపి 1,500 రూపాయలైనవనుకొందము. జెండా కట్టక ముందు ఒక వారము, కట్టిన తరువాత ఒక వారము ఆగిన బండ్లను లెక్కించి పుస్తకములో వ్రాయుడు. దినమునకు నలుగురు అదనముగా వచ్చి తలా 2 కిలోలు కొన్నచో 8 కిలోలు. వర్తకుడిచ్చు ధర కంటె కిలోకు 15 రూపాయలు మిగిలినచో దినమునకు 120 రూపాయలు. 13 దినములలో పెట్టుబడి తిరిగివచ్చును. లెక్కలో తేడా కనబడనిచో జెండా చోటు మార్చి చూడుడు. అప్పటికిని ఫలము లేకున్న మరియొక జెండా కొనవలదు.

చివరగా అన్నిటికంటె ముఖ్యమైన మాట. జెండా మొదటిసారి మాత్రమే ఆపగలదు. రెండవసారి ఆపునది సరుకే. 'తోట పండ్లు' అని జెండా కట్టి బజారునుండి తెచ్చిన కాయలు అమ్మరాదు. కాల్షియం కార్బైడుతో మాగబెట్టుట 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారము నిషిద్ధము. 'సహజముగ పండినవి' అని చెప్పువారు గడ్డిలోనే మాగవేయవలెను. కాటా సరిగా ఉండవలెను. సరుకు అయిపోయిన క్షణమే జెండా దించవలెను. సరుకు లేనిచోట ఎగురు జెండా అబద్ధమాడినట్లే. ఆగి వట్టి చేతులతో మరలినవాడు ఆ బాటన మరల ఆగడు, మీ పొరుగు రైతు పందిరి వద్దను ఆగడు. మీ జెండా నిలిపిన మాట మీ ఒక్కరిదే కాదు, ఆ బాట ప్రక్క రైతులందరిదియు.

మామిడి పూత మీద ఉన్నప్పుడే చోటు చూచి, మాట ఎన్నుకొని, గుడ్డ కుట్టించుడు. కాయ కోతకు వచ్చునాటికి జెండా సిద్ధముగా ఉండును.